వెనక్కి తీసుకున్న సాక్ష్యం

అబిగయీలు తన కుట్టు షాపులో జాకెట్టుకు చేతులు అతుకుతుంటే పక్కింటి పిల్ల మెర్లిన్ వచ్చింది. మిషను గోలలో ఆ పిల్ల ఏమంటోందో మొదట వినపడలేదు.

"ప్యాడ్ అక్కా, ప్యాడ్. ఫ్రెడ్డీ అన్న చర్చిలో డ్రమ్ములు వాయిస్తాడే, అది. నాకిచ్చేసినాడు, పుల్లలతో సహా."

"నేర్చుకోమని ఇచ్చుంటాడులే."

"కాదక్కా. ఉంచేసుకో, నాకింక పన్లేదన్నాడు, నవ్వతానే చెప్పినాడు. మీ తమ్ముడేమో పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు. అందుకే అనుమానమొచ్చి మిమ్మల్ని అడిగిపోదామని వచ్చినా."

మిషను ఆగిపోయింది.

ఆ ప్యాడ్ అంటే ఫ్రెడ్డీకి ప్రాణం. మొన్నటి చలికాలమంతా వాడు మంచం దిగలేదు, పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. నెల్లూరు డాక్టరు డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశాడు. కొంచెం తేరుకుని మళ్లీ చర్చిలో ప్యాడ్ ముందు కూర్చున్నాడో లేదో, అబిగయీలు ఆగలేకపోయింది. మేలు జరిగితే సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి, చెప్పకపోతే దేవుడి మహిమను దాచిపెట్టినట్టే. చిన్నప్పటి నుంచీ ఆమె విన్నది అదే. ఒక ఆదివారం మైకు పట్టుకుని, మా తమ్ముడికి దేవుడు సంపూర్ణ స్వస్థత ఇచ్చాడు అని చెప్పేసింది. అందరూ స్తోత్రం అన్నారు. అప్పటి నుంచి ఫ్రెడ్డీ ఎవరికి ఎదురుపడినా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వునే స్వస్థత అనుకుంది ఆమె.

షాపు మెర్లిన్‌కి అప్పగించి స్కూటీ తీసింది. ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు దారి పొడుగునా రొయ్యల గుంటలే, నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్లు తెల్లగా నురుగు కక్కుతున్నాయి. ఎండ మండిపోతోంది. ఆమె బండి ఎక్కడా ఆపలేదు.

ఫ్రెడ్డీ తను పనిచేసే గుంట కట్ట మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చూసి నవ్వాడు. ఈసారి ఆమె ఆ నవ్వును నమ్మలేదు.

"ఏందక్కా ఈ టయిములో? షాపు మూసేసినావా?"

పక్కన కూర్చుంది. అడిగితే లేని ఆలోచన తనే వాడి బుర్రలో పెట్టినట్టవుతుందేమోనని భయం. అడగకపోతే ఇంకా భయం.

"ప్యాడ్ మెర్లిన్‌కి ఎందుకిచ్చినావురా?"

"ఊరికే."

"ఫ్రెడ్డీ, చచ్చిపోవాలనుకుంటా ఉండావా?"

వాడి ముఖం మీది నవ్వు మెల్లగా ఊడిపోయింది.

"ఊఁ."

ఆమె వాడి చెయ్యి పట్టుకుంది.

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఎట్ట చెప్పేదక్కా? నువ్వు మైకులో చెప్పేసినావు గదా, బాగయిపోయిందని. ఇంటికొచ్చి మాత్రలు చూస్తే సిగ్గేసింది. మాత్ర మింగతా ఉంటే అదేం స్వస్థత? దేవుణ్ణి అబద్ధాలకోరును చేసేదా, నిన్ను చేసేదా? అందుకని ఆపేసినా. మళ్లీ మొదలయింది. ఈసారి ఇంకా లోతుకి లాగతా ఉంది. ఎవురన్నా అడిగితే నవ్వేది, అంతే."

తప్పంతా తనదేనని వాడి ముందు గుండెలు బాదుకోవాలనిపించింది. అలా చేస్తే మళ్లీ వాడే తనను ఓదార్చాలి. బాదుకోలేదు.

"సరే. ఇప్పుడు నేనుండా. నిన్నొదిలి యాడికీ పోను."

గుంటల మేస్త్రి మునెయ్యను కేకేసి, గుంటల మందులుండే షెడ్డుకు తాళం వేసి తాళంచెవి తన దగ్గరే పెట్టుకోమంది. ఆయన వాడి ముఖం చూసి ఎందుకని అడగలేదు. మనసు బాగలేనివాళ్లకు సాయం చేసే నంబరు ఆసుపత్రి గోడ మీద చూసింది గుర్తుంది, 14416. ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. అవతలావిడ తొందరపడలేదు, ఉపదేశమూ చెయ్యలేదు. పక్కన ఎవరున్నారు, ఈ ఆలోచనలు ఎప్పటి నుంచి అని అడుగుతూ పోయింది. ఫ్రెడ్డీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు, మధ్యలో భోరుమన్నాడు. ఈరోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు అని చెప్పిందావిడ.

సాయంత్రానికి నెల్లూరులో డాక్టరు ముందు కూర్చున్నారు. డాక్టరు తిట్టలేదు. "మాత్రలు నీ అంతట నువ్వు ఆపకూడదయ్యా. తగ్గడానికి టయిము పడుతుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా అక్కకి చెప్పు, అర్ధరాత్రయినా సరే" అన్నాడు.

ఇంటికొచ్చాక తల్లి రెబెక్కమ్మ, అబిగయీలు వంతులు వేసుకుని వాడి పక్కన ఉన్నారు. మాత్రలు తల్లి చేతుల్లోకి వెళ్లాయి. వాడు గోడ వైపు తిరిగి పడుకుంటే పడుకున్నట్టే ఉండిపోయేవాడు.

శనివారం అబిగయీలు అడిగింది. "రేపు చర్చిలో నిజం చెప్పనా? నువ్వు వద్దంటే చెప్పను."

వాడు గోడ నుంచి ఇటు తిరిగాడు. "బరువు నువ్వే పెట్టినావు గదా. నువ్వే దించు."

ఆరాధనకు ముందు చెబితే పాస్టరు క్రీస్తురాజు గారు చేతిలోని బైబిలు మూశారు.

"సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటారామ్మా ఎవరన్నా? విశ్వాసంలో బలహీనులు పడిపోతారు."

"ఆ సాక్ష్యం కిందే మావోడు పడి నలిగిపోయినాడు అయ్యగారూ."

సాక్ష్యాల టైము వచ్చినప్పుడు ఆయనే మైకు ఆమె చేతికి ఇచ్చారు.

"నేను తొందరపడి చెప్పినా. మా తమ్ముడికి ఇంకా బాగలేదు. చచ్చిపోవాలనుకున్నాడు. మాత్రలు మింగతా ఉండాడు, ఇంక మీదట కూడా మింగతాడు. నా మాట నిలబెట్టడానికి వాడు నవ్వాల్సిన పన్లేదు."

ఎవరూ స్తోత్రం అనలేదు. ముందు వరసలో ఇద్దరు గుసగుసలాడుకున్నారు. వెనక బెంచీలో తల్లి పక్కన ఫ్రెడ్డీ తల వంచుకునే ఉన్నాడు.

చర్చి వదిలాక జనం పక్క నుంచి తప్పుకుని పోయారు. ఎలిశబెతు పెద్దమ్మ ఒక్కతే కర్ర ఆనించుకుంటూ వాడి దగ్గరకు వచ్చింది.

"ఎట్టుండావు నాయనా?"

వాడి పెదవులు అలవాటుగా సాగబోయి ఆగాయి.

"బాగలేదు పెద్దమ్మా."

ఆవిడ చర్చి మెట్టు మీద కూలబడి, పక్కన చోటు చేత్తో తట్టింది. ఫ్రెడ్డీ కూర్చున్నాడు.