మార్చి పన్నెండు హాజరు

"మార్చి పన్నెండున, పదకొండింటికి, బోర్డు మీటింగులో మీరున్నారా?" విచారణాధికారి అడిగాడు.

మజహర్ సార్ హాజరు రిజిస్టర్‌లో తన సంతకం చూశాడు. తర్వాత కంపెనీ సెక్రటరీ రవళి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"సంతకం నాదే" అన్నాడాయన.

అసలు ఆ మీటింగే జరగలేదు. కాజీపల్లి ప్లాంటులో పాత రియాక్టర్ వాల్వుల మార్పిడిని ఏడాది వాయిదా వేస్తూ తీర్మానం చేసినట్టు, ఎండీ దశరథ్ చెబితే రవళే టైపు చేసింది. బోర్డులో బయటి మనుషులు ఉండాలన్న రూల్ కోసం దశరథ్ తన పాత కెమిస్ట్రీ లెక్చరర్ మజహర్ సార్‌ని డైరెక్టర్‌గా తెచ్చుకున్నాడు. "సార్ ఏం అడగడు, సంతకం పెట్టి చాయ్ తాపి పంపిస్తడు" అని నవ్వాడు.

అలాగే జరిగింది. ఏప్రిల్‌లో రవళి కాగితాలు పట్టుకెళితే, "ఏడ పెట్టాలె బేటీ?" అంటూ ఆమె వేలు చూపిన చోటల్లా సంతకం పెట్టాడు.

ఆగస్టులో వాల్వు పగిలింది. ఆపరేటర్ అంజయ్య చనిపోయాడు.

విచారణకు పది నిమిషాల విరామం ఇచ్చారు. వరండాలో దశరథ్ ఒక చీటీ రవళి చేతిలో పెట్టాడు.

"నీ సెలవు చీటీ. ఫైల్లకెల్లి తీయించిన. చింపెయ్ జల్దీ. సంతకం ఆయనదే ఉంది కద, అంతా ముసలాయన మీదికే పోతది."

తన చేతిరాతే. మార్చి పన్నెండు. కారణం: మజహర్ సార్ భార్య అక్తరీ బేగం అంత్యక్రియలు (జనాజా). ఆ పూట పదకొండింటికి బీరంగూడలో ఆ ఇంటి ఆడవాళ్ల మధ్యే కూర్చుంది తను. తర్వాత దశరథ్ చెప్పిన తేదీ ఆలోచించకుండా టైపు చేసేసింది.

బెంచీ మీద ఒంటరిగా ఉన్న సార్ దగ్గరికి వెళ్లింది.

"ఆ దినం జనాజా అని ఎందుకు చెప్పలే సార్?"

"చెప్తే నువ్వు జైలుకు పోతవు కద బేటీ. ఆ దినం మా ఇంట్ల అందరికీ నీళ్లిచ్చింది నువ్వే." ఆయన గొంతు తగ్గింది. "చదవకుండ సంతకం పెట్టిన. అంజయ్య పానం పోయింది. నాది తప్పు కాదా?"

రవళి లోపలికి నడిచింది. చీటీని అధికారి ముందు పరిచింది.

"ఆ దినం మీటింగే కాలే సార్. అందరి హాజరు నేనే రాసిన. నేను సుత ఈ సార్ ఇంట్లనే ఉన్న."

దశరథ్ లేచి నిలబడ్డాడు. "రవళీ, పిచ్చా ఏంది నీకు?"

అధికారి చీటీ రెండుసార్లు చదివాడు. "జరగని మీటింగు ఇదొక్కటేనా?"

రవళి బల్ల మీది మీటింగుల మినిట్స్ పుస్తకం దగ్గరికి లాక్కుని, మొదటి పేజీకి తిప్పింది.