నీళ్ల వాసన, గుడ్ల పులుసు

మిల్టన్‌లో టీనా వాళ్లింట్లో వేడినీళ్ల కుళాయి తిప్పితే చాలు, కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమనేది. ఆ సాయంత్రం వాళ్లింట్లోనే ప్రార్థన కూడిక. పసిబిడ్డ ఉన్న ఇల్లు ఇలాగా ఉంచుకునేదని పాస్టరమ్మ రూపవతిగారు అంటారేమోనని టీనాకు ఒకటే భయం. అందుకే వాసన వచ్చినా గుడ్లదే అనుకుంటారని గుడ్ల పులుసు పెట్టింది.

ఆమె వేడినీళ్లతో గిన్నెలు కడుగుతుండగానే రూపవతిగారు వంటగదిలోకి వచ్చి ముక్కు మూసుకున్నారు. "గుడ్లు పాడైపోయినట్టున్నాయమ్మా. పిల్లలు తింటే ఇంకేమన్నా ఉందా?" అంటూ గిన్నెడు పులుసూ చెత్తసంచిలో కుమ్మరించారు. చేతులు కడుక్కుని, వాసన చూసుకుని, మళ్లీ కడుక్కున్నారు.

"వాసన నీళ్లది ఆంటీ" అంది టీనా, నేల చూస్తూ.

"ఓసి పిచ్చిపిల్లా, మా ఇంట్లోనూ ఇంతే. హీటర్ ట్యాంకులో తుప్పు పట్టకుండా పెట్టే రాడ్ మార్పించాక పోయింది. ముందే చెబితే పులుసన్నా మిగిలేది కదమ్మా."

టీనా మనసు కుదుటపడింది. అప్పుడు గానీ ఆకలి తెలియలేదు.