ఆడతోడేలు చిరునామా

అటవీశాఖ ఆఫీసులో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు. అందరికీ చుక్కలమ్మే. అడవి జంతువుల మెడకు జాడ తెలిపే కాలర్లు కట్టడం, అవి పంపే చుక్కల్ని మ్యాపు మీద చూసి ఏది ఎటు పోతోందో, ఎందుకు పోతోందో చెప్పడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. చెప్పిందంటే తిరుగుండదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. తెలియనట్టు నటించే అలవాటు మాత్రం లేదు.

ఆ ఏడు ఒక ఆడతోడేలు చుక్కలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. రెండు గంటలకొకటి చొప్పున రోజుకు పన్నెండు పడాల్సినవి. చివరిది కొత్త రోడ్డు వేస్తున్న చోట, మట్టిదిబ్బ పక్కన పడింది. ఆ తర్వాత వారమంతా ఒక్కటీ లేదు. పిదప అరకొరగా మొదలై వారం వారం కాస్త పెరుగుతూ వచ్చాయి. నాలుగో వారంలో పెద్దసారు ఒక కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"కాలర్ పాడైంది, ఆ చుట్టుపక్కల జంతువులేం లేవు అని సంతకం పెట్టమ్మా. సోమవారం నుంచి అక్కడ పని మొదలట. రోడ్డు ఇంజనీరు నా ప్రాణం తోడేస్తున్నాడు."

"పెట్టను సార్. పాడయ్యే కాలర్‌కి చుక్కలు తగ్గాలి గాని పెరుగుతాయా?"

పెద్దసారు కాగితం వెనక్కి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆమె నాలుగు వారాల చుక్కల లెక్క రాసిన కాగితాన్ని ఇంటికి తీసుకెళ్లింది. ఇంట్లో ఉన్నది వదినగారు, అంటే భర్తకు అక్క. ముప్పై ఏళ్లు కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఒకరినొకరు దెప్పుకోనిదే వదినామరదళ్లిద్దరికీ ముద్ద దిగదు. వదిన కళ్లజోడు సర్దుకుని కాగితాన్ని పైనుంచి కిందికి చూసింది.

"మొదటి వారం మంచం దిగలేదు. రెండో వారం గుమ్మం దాకా వచ్చింది. ఇప్పుడు పూటపూటా బయటికెళ్లి గబగబా ఇల్లు చేరుతోంది. ఇది బాలింతే! ఎవరి కోడలే?"

"అడవి కోడలు వదినా. నేనూ అదే అనుకున్నాను. మీ నోటితో వింటే ధైర్యమని."

"ధైర్యం నీకెందుకు? కాస్త నాకియ్యరాదూ," అని వదిన నవ్వింది.

మర్నాడు చుక్కలమ్మ పెద్దసారు గదిలోకి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. "కాలర్‌కి ఆకాశం కనిపిస్తేనే చుక్క పడుతుంది సార్. అది ఆ దిబ్బలో బొరియ చేసుకుని పిల్లల్ని పెట్టింది. ఆదివారం పొద్దున చూపిస్తాను, ఇంజనీరుగారిని కూడా రమ్మనండి."

ఆదివారం తెల్లవారుతుండగా రోడ్డు పనివాళ్ల రేకుల షెడ్డులో నలుగురూ చేరారు. ఆవులింతలతో ఇంజనీరు, అనుమానంగా పెద్దసారు, మట్టి తవ్వే బండి డ్రైవరు, బైనాక్యులర్స్ పట్టుకుని చుక్కలమ్మ. గంట గడిచింది. దిబ్బ మీద గడ్డి తప్ప ఏదీ కదల్లేదు. ఇంజనీరు రెండోసారి వాచీ చూసుకున్నాడు.

"అమ్మా," అన్నాడు డ్రైవరు గొంతు తగ్గించి, "దిబ్బ కాదు. నా బండి వెనకాల చూడండి."

బండి వెనక సిమెంటు తూములు పేర్చి ఉన్నాయి. అడుగు తూములోంచి బూడిదరంగు తల ఒకటి బయటికొచ్చింది. చుట్టూ చూసింది. దాని కాళ్ల సందుల్లోంచి ఒక పిల్ల దొర్లుకుంటూ వచ్చి పడింది. వెనకే ఇంకోటి, ఇంకో రెండు.

చుక్కలమ్మ డ్రైవరు వైపు తిరిగింది. "ఆ తూములు ఎప్పుడు ఎత్తుతారు?"

"రేపు పొద్దున్నే. ముందు ఎత్తేవి అవే," అన్నాడు డ్రైవరు.

చుక్కలమ్మ బైనాక్యులర్స్ ఇంజనీరు చేతికిచ్చింది.

"దిబ్బ అన్నాను, తప్పే," అందామె. "తూము కూడా ఆకాశాన్ని మూసేస్తుందని నాకు తట్టలేదు. పిల్లలున్నాయన్న మాట మాత్రం తప్పు కాదుగా?"

ఇంజనీరు బైనాక్యులర్స్ దించకుండానే అడిగాడు. "ఎన్నాళ్లు ఆగాలి?"

"ఆరు వారాలు. తర్వాత పిల్లల్ని వెంటేసుకుని అదే పోతుంది."

"పోకపోతే?"

"పోతుంది సార్. నా మాట మీద రాసుకోండి."

ఇంజనీరు రాసుకున్నాడు. పని రోడ్డు రెండో కొసకి మారింది. బండి చప్పుడుకి తోడేలు బెదురుతుందని డ్రైవరు తన బండిని కదపనేలేదు. ఇంకో బండి తెప్పించుకున్నాడు.

ముప్పై తొమ్మిదో రోజున చుక్కలు పన్నెండుకి పన్నెండూ పడ్డాయి, ఉత్తరం దారి పట్టి. చుక్కలమ్మ ఇంకో రెండు రోజులు ఆగి, టార్చి పట్టుకుని తానే తూములోకి పాకి చూసి, ఖాళీ అని నిర్ధారించుకున్నాకే డ్రైవరుకి కబురు పెట్టింది. అతను వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"అమ్మా, బండి కింద నా బూట్లుండాలి. ఒకటి నమిలి పిప్పి చేశాయి. రెండోది ఎత్తుకుపోయాయి. ఎవరికి చెప్పుకోను?"

చుక్కలమ్మ ఫోనులో మ్యాపు తెరిచి అతని ముందు పెట్టింది.

"పధ్నాలుగు కిలోమీటర్లు, నేరుగా ఉత్తరం. వాగు దాటాక కుడివైపు. వెళ్లి మీరే అడగండి."