లేని బలం

ఆ వేసవిలో కోట ఊరు దాటి సముద్రపు ఒడ్డున ఉన్న పట్టపుపాళెం అనే జాలర్ల పల్లెలో కలరా వ్యాపించింది. మిషన్ తరఫున ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే సువార్తమ్మ రోజుల తరబడి రోగుల దగ్గరే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం చర్చి పాకలో నడుం వాల్చబోతుంటే చెంచమ్మ వచ్చింది.

“అక్కా, మా ఆయనకు కూడా తగులుకునింది. ఎవురూ మా గడప తొక్కడంలేదు.”

చెంచమ్మ భర్త నరసయ్య. నిరుడు సువార్తమ్మ కుండను కాలితో తన్ని, బావి దగ్గరికి రావద్దని తరిమినవాడు. వస్తానని చెప్పి చెంచమ్మను పంపించింది గానీ, సువార్తమ్మకు లేవబుద్ధి కాలేదు. నడుము పట్టేసింది. అంతకంటే మనసు మొండికేసింది. మోకరించే ఓపిక కూడా లేక గుంజకు ఆనుకునే ప్రార్థన చేసింది.

“ప్రభువా, వాడి మీద నాకు జాలి లేదు. ఒంట్లో సత్తువా లేదు. నీ కృపలో ఉంటే ఇయ్యి. లేకపోతే నేను పోలేను.”

ఏ స్వరమూ వినిపించలేదు. అలసటా తీరలేదు. కాసేపటికి మాత్రం గంజి ముంత పట్టుకుని ఇసుకలో నడుస్తోంది.

నరసయ్య కళ్లు లోతుకు పోయాయి. ఆమె అతని పక్కగుడ్డలు మార్చి, తల ఎత్తిపట్టి, ఉప్పు వేసిన గంజి గుక్క గుక్కగా తాగించింది. ఇంత మెత్తగా పట్టుకున్న చేతులు తనవేనా అనిపించింది ఆమెకు.

“నిన్ను అట్టా తరిమితిని గదా. ఎందుకొచ్చినావు?” అన్నాడు నరసయ్య నీరసంగా.

“రావాలని నాకు లేదన్నా. నా వల్ల అయ్యేదీ కాదు. ఆయన నడిపించినాడు, వచ్చినా.”

అతడు నోరు తెరిచాడు. ఆమె మరో గుక్క పోసింది.

సాయంత్రానికి వాంతులు ఆగాయి. ఇంక కాసేపు పడుకోమని చెబుదామని చెంచమ్మ లోపలికి వచ్చేసరికి, సువార్తమ్మ మంచం పక్కన నేలమీదే నిద్రపోతోంది.