దీవించిన రొట్టె

కుక్క ముర్గా మూడోసారి వాంతి చేసుకుంది. ఈసారి నురగ తప్ప ఇంకేమీ రాలేదు.

"విషం!" అంటూ గెదియోన్ బల్ల మీద గుద్దాడు. "ఎలుకల మందు, డాక్టరమ్మా. పెట్టినవాడు కూడా ఈ గదిలోనే ఉన్నాడు."

ఆ 'పెట్టినవాడు' పక్కింటి అర్తిమోన్. ప్రస్తుతం కుక్క వెనక కాళ్లు పట్టుకుని నిలబడ్డాడు. ఊరి నుంచి పశువుల ఆసుపత్రికి ముప్పై కిలోమీటర్లు దాన్ని తెచ్చింది అతని కారే. గెదియోన్‌కు కారు లేదు, ఈస్టర్ మర్నాడు బస్సులు తిరగవు. సాయం చేసిన పాపానికి దారి పొడవునా వెనక సీట్లోంచి ఇంటరాగేషన్ భరించాడు. ముప్పై ఏళ్లు పోలీసు శాఖలో నేరాలు తవ్విన మనిషికి, రిటైరైతే మాత్రం నోరు ఊరుకుంటుందా?

"అన్నా, నీ కుక్క మొరుగుతుందని తిట్టాను, కాదనను," అన్నాడు అర్తిమోన్. "తిట్టినవాళ్లంతా విషం పెట్టేటట్టయితే మా అత్త నన్నెప్పుడో పూడ్చిపెట్టేది."

"చూశారా? జోకులేస్తున్నాడు. నేరస్థుడి మొదటి లక్షణం!"

"ముందు నువ్వు నోరు మూసుకుని దాని తల పట్టుకో," అంది గెదియోన్ భార్య సఫ్తా.

గెదియోన్ పట్టుకున్నాడు. ఉద్యోగం అయిపోయాక లోకంలో అతని మాట వినేది ఈ ఒక్క ముర్గాయే. దాని ముక్కు ఎండిపోయి ఉంది.

డాక్టర్ ఒతీలియా కుక్క పొట్ట నొక్కి చూసింది. "బాబాయ్, పొద్దుట్నించి ఉచ్చ పోసిందా?"

"లేదు."

"ఈస్టర్‌కి మీ ఇంట్లో పస్కా తీపి రొట్టె చేశారా? ఎండుద్రాక్ష వేసి?"

"వేయకుండా ఎలా?" అంది సఫ్తా. "గుప్పెళ్లకొద్దీ వేశాను."

"పండగ మర్నాడు నా దగ్గరికి వచ్చే కుక్కల గోల ఇదే పిన్నీ. మనకు తీపి, వాటికి కిడ్నీలు పోతాయి. ఫాదర్ దీవించిన రొట్టె కదా, చెత్తలో వేస్తే పాపమని మిగిలింది కుక్కకు పెట్టేస్తారు."

"మాది పొయ్యిలో వేస్తాం," అన్నాడు అర్తిమోన్ వెంటనే. "పొడితో సహా."

"మాది పిట్టలకి," అంది సఫ్తా. "మిగిలిన సగం రొట్టె తువ్వాల్లో కట్టి, ఆపిల్ చెట్టు కింద వేసి రమ్మని ఈయనకే ఇచ్చాను. వేసే వచ్చాడు. ఖాళీ తువ్వాలు దులిపి తీగ మీద ఆరేశాడు కూడా."

గెదియోన్ ముర్గా చెవి వెనక నిమరసాగాడు.

నిన్న వాన. చెట్టు పెరటి చివర. కాళ్లకి ఇంట్లో తొడుక్కునే చెప్పులు. గుమ్మంలో ముర్గా. నలభై రోజుల ఉపవాసంలో తనతోపాటు ఉడికించిన చిక్కుళ్లే తిన్న పిచ్చిది. దేవుడి రొట్టె తింటే దానికీ పుణ్యమే కదా అనుకున్నాడు. ఆ పుణ్యాన్ని ముక్కలుగా తుంచి, తన చేత్తోనే నోట్లో పెట్టాడు.

డాక్టర్ సూదిమందు సీసా తీసింది. "ఎలుకల మందే అయితే ఈ సూది వేసి, మాత్రలిచ్చి ఇంటికి పంపేస్తాను. ద్రాక్ష అయితే ఇప్పుడే సెలైన్ ఎక్కించి మూడు రోజులు ఇక్కడే ఉంచుకోవాలి. దాన్ని ఇంటికి తీసుకెళ్తే రేపటికి దక్కదు. ఏదో ఒకటి తేల్చండి."

"విషమని ఆయన ఒట్టేసి చెబుతున్నారుగా," అన్నాడు అర్తిమోన్ నీరసంగా. "వేసెయ్యండి. పెట్టింది నేనేనని రాసుకోండి. కుక్క బతికితే చాలు."

ముప్పై ఏళ్లలో గెదియోన్ ముందు కూర్చున్న ప్రతి దొంగా సరిగ్గా ఈ ఘడియలోనే నేలచూపులు చూసేవాడు. ఇప్పుడు తను గచ్చు మీద ఒక పగులును చూస్తున్నాడు. అది తలుపు దాకా పాకింది.

డాక్టర్ సూది ఎత్తింది.

"ఆగండి!"

ముగ్గురూ అతని వైపు తిరిగారు. సఫ్తా కళ్లు మెల్లగా చిన్నవయ్యాయి.

"రొట్టే," అన్నాడతను.

"ఎంత తింది? ఎప్పుడు? ఎవరు పెట్టారు బాబాయ్? త్వరగా!"

గెదియోన్ నిటారుగా నిలబడ్డాడు. కోర్టులో ముద్దాయిల పేర్లు చదివిన గొంతుతోనే చెప్పాడు.

"సగం రొట్టె. నిన్న మధ్యాహ్నం రెండున్నరకి. పెట్టినవాడు బుర్లాకు గెదియోన్. నేనే."