పెరుగు వద్దా?

మార్చి పదకొండు, ఆ రోజు నేను తిన్నది దొండకాయ వేపుడు, చారు, గొంతు బాగాలేదని పెరుగు వేసుకోలేదు, ఇవాళా అంతే, ఒళ్ళో కంచం, ఎదురుగా టీవీలో పాత నలుపు తెలుపు కోర్టు సినిమా, బోనులో నిలబెట్టిన నల్లమనిషి చొక్కా చెమటకి తడిసిపోయింది, తీర్పు చెప్పేవాళ్ళంతా తెల్లవాళ్ళే, మనవరాలు స్నేహకి స్కూల్లో ఇది పాఠమట, తాతా నాతో చూడవా అంటే కూర్చున్నాను, యు డోంట్ వాంట్ యోగర్ట్ తాతా? అంది, యెస్ అన్నాను, గరిటెడు పెరుగు వచ్చి అన్నం మీద పడింది, వద్దన్నానుగా తల్లీ, బట్ యు సెడ్ యెస్, ఎవ్రీ టైమ్ తాతా, వద్దంటే నో అనాలి, నో, అని ఒకటే నవ్వు, మా ఆవిడ శ్యామసుందరి బతికుంటే తనూ నవ్వేది, ఇన్నేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి పెరుగు వద్దనడం రాలేదా మీకు అనేది, సినిమాలో లాయరు వేలు చూపిస్తున్నాడు, నువ్వు ఆ ఇంట్లోకి వెళ్ళలేదా, నో సర్ అన్నాడు ఆ మనిషి, వెళ్ళలేదంటే నో, నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

ఆ పదకొండున మన గుమ్మంలో పోలీసాయన, ఎంతో మర్యాదగానే, మెయిన్ రోడ్డు మీది పెట్రోల్ బంకులో దోపిడీ జరిగిందనీ, దొంగ పొడుగ్గా నల్లగా ఉన్నాడనీ చెప్పాడు, మేముండే ఈ క్రెయిగీబర్న్‌లో అలాంటివాళ్ళు ఎందరు లేరు, అయినా ఆ ఒక్క ఆనవాలు పట్టుకుని పక్కింటి నల్లకుర్రాడు డెంగ్ గురించి అడిగాడు, యు డిడ్న్ట్ సీ హిమ్ గో అవుట్ దట్ ఈవెనింగ్?, యెస్ అన్నాను, అవును, చూడలేదు అని నా లెక్క, చూశానని ఆయన లెక్క, చీకటిపడేదాకా కిటికీ దగ్గరే ఉన్నాను, డెంగ్ తన ఇంటి ముందు కారు కడుక్కుంటూనే ఉన్నాడు, ఆ మాటలన్నీ మనసులోనే ఉండిపోయాయి, ఫ్రమ్ దిస్ విండో? అన్నాడు, యెస్ యెస్ అని తల కూడా ఊపాను, వెరీ హెల్ప్‌ఫుల్ సర్ అంటే పొంగిపోయి కాఫీ తాగుతారా అన్నాను, రామరామ, మర్నాడే డెంగ్‌ని తీసుకెళ్ళారు, రేపు కోర్టుకి సాక్షిగా రమ్మంటే డెంగ్ తరఫునే పిలిచారనుకుని ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నాను, శ్యామసుందరి పోయినప్పటినుంచి ప్రతి వారం నా చెత్త బిన్ లోపల పెట్టినవాడు డెంగ్, ఒక్కసారీ అడిగించుకోనివాడు, వాళ్ళమ్మ ఆకోల్ ఇప్పుడు నేను చెయ్యి ఊపినా తల తిప్పేసుకుంటోంది, దుఃఖం కాబోలు అనుకున్నాను, దుఃఖం కాదు, నేను.

ఇదంతా పైకే చెప్పేశాను, నాన్నా, ఇప్పుడు మాట మారిస్తే అబద్ధం చెప్పావని నీ మీదే పడతారు, అంది నా కూతురు సింధుజ, లాయర్ని అడిగి అప్పుడు చూద్దాం, ఈ వయసులో ఈ కోర్టు గొడవలు నీకెందుకు, అమ్మా హి ఈజ్ ఇన్ జెయిల్ అంది స్నేహ, సినిమా ఆపేసింది, ఆ బోనులో మనిషి నోరు సగం తెరిచి అలాగే ఉండిపోయాడు, నీ భయం నాకు తెలుసమ్మా అంటూనే చెప్పులు వేసుకున్నాను, చెయ్యి ఎంగిలిదే, కడుక్కోలేదు, గడ్డి దాటి వాళ్ళ తలుపు కొట్టాను, గొలుసు తీయకుండా బెత్తెడు తెరిచింది ఆకోల్, యెస్, నో, మా భాష, పెరుగు, అన్నీ కలగాపులగంగా ఆ సందులోంచే చెప్పాను, ఆమె నమ్మలేనట్టు, యు డిడ్న్ట్ సీ మై సన్ గో అవుట్? అంది, అదే ప్రశ్న, మళ్ళీ అదే ప్రశ్న, నాలుక చివరిదాకా యెస్సే వచ్చింది, మింగాను, తల ఊగకుండా మెడ బిగబట్టుకుని, నో, అన్నాను, ఆవిడ కళ్ళు మూసుకుంది, ఆవిడ వైపు ఉన్నానని చెప్పడానికి నేను ఆవిడ మాట కాదన్నట్టే పలకాలన్నమాట, రేపు ఎవరేమన్నా, ఎన్నిసార్లు తిప్పి అడిగినా, నేను తీసుకెళ్ళాల్సింది ఆ ఒక్క నోనే, వెనక్కి తిరిగాను, మా గుమ్మం ఎక్కేదాకా ఆకోల్ వాళ్ళ వాకిట దీపం ఆర్పలేదు, ఆ తర్వాతే తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా మూసుకుంది.