పదికి రెండు

మంగళవారం ఉదయం. ఆసుపత్రి డయాలసిస్ గది ఎప్పటిలాగే ప్రశాంతంగా ఉంది. మూడు నెలలకోసారి ఇచ్చే కాగితాన్ని నర్సు సోల్వై, కుర్చీలో ఉన్న టోగెర్ చేతిలో పెట్టింది. కిడ్నీలు పాడైనవాళ్లను పీడించే దురద ఈ వారం ఎంత ఉంది, సున్నా నుంచి పది లోపు అంకె వేయాలి.

టోగెర్ కళ్లజోడు సవరించుకుని రెండు వేశాడు.

"ఎలా ఉంది పెద్దాయనా?" అంది సోల్వై.

"ఫర్వాలేదు."

డెన్మార్క్ పశ్చిమ తీరంలో పడవ మునిగి, ఈదుకుంటూ ఒడ్డుకు చేరినవాడు కూడా కాస్త తడిశానంటాడు. బాధను బయటపెట్టడం అక్కడ సిగ్గుమాలిన పని. టోగెర్ భార్య బిర్థెదీ అదే మట్టి. రేవులో ముప్ఫయ్యేళ్లు చేపల కొట్టు నడిపిన గడుసు మనిషి. అయినా మూడేళ్లుగా భర్త చొక్కాల మీది నెత్తురు మరకల్ని చన్నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఆరేసి ఊరుకుంది. ఎవరైనా అడిగితే తనూ ఫర్వాలేదనే చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం దగ్గర టోగెర్ రొట్టె పక్కకు నెట్టాడు.

"వచ్చే నెల నుంచి వెళ్లను."

"ఎక్కడికి?"

"డయాలసిస్‌కి."

"మానేస్తే చస్తావు."

"అక్సెల్ మానేశాడుగా, నా పక్క కుర్చీవాడు. పది రోజుల్లో పోయాడు. హాయిగా."

"నీకిప్పుడేం ముంచుకొచ్చింది?"

"చర్మం కింద చీమలు పాకుతున్నాయి బిర్థె. ఒక్క పూట ఆగవు. నిన్న చేప పొలుసు గీకే రేకుతో వీపు గీక్కున్నాను. ఆ యంత్రం బతికిస్తోంది, ఇవి బతకనివ్వట్లేదు."

"మరి కాగితం మీద ఏం రాశావు?"

"రెండు."

"రెండేంటయ్యా?"

"పదిమందిలో కూర్చుని ఏడవమంటావా?"

మరుసటి రోజు అతనితోపాటు బిర్థె కూడా ఆసుపత్రికి వెళ్లింది. సంచిలోంచి అతని ఉతకని చొక్కా తీసి సోల్వై బల్ల మీద పరిచింది. సోల్వై ఫైలు తెరిచింది. పన్నెండు కాగితాలు, అన్నిటి మీదా రెండే.

"నాలుగు దాటితేనే డాక్టరుగారి దాకా వెళ్తుందమ్మా. తక్కువైతే ఫైల్లో పెట్టేస్తాం."

"రెండంటే నమ్మేశారా?"

"ఆయనే రాశారు కదా."

"తాజా చేపేనా అని అమ్మేవాణ్ణి అడిగి ఎవరూ కొనరమ్మాయ్. మొప్ప ఎత్తి చూస్తారు. వారానికి మూడుసార్లు మీ కళ్లెదుటే పడి ఉంటాడే, ఒక్కసారి చొక్కా ఎత్తి చూశారా?"

"మీరు చూశారా?" అంది సోల్వై మెల్లగా.

బిర్థె గొంతు తగ్గింది. "ఉతికాను." మళ్లీ తనే, "అక్సెల్ ఎంత రాసేవాడు?" అని అడిగింది.

అది చెప్పకూడదంది సోల్వై. కానీ ఫైలు మూయబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ రోజే డాక్టరు వీపు చూశాడు. డయాలసిస్ ముగిసే ముందు గొట్టంలోకి ఎక్కించే మందు రాశాడు. నెల చూసి, తగ్గకపోతే మానేస్తానన్నాడు టోగెర్. నాలుగో వారానికి కంటినిండా నిద్రపోయాడు. మానేసే మాట మళ్లీ ఎత్తలేదు.

"ఈ మందు కొత్తగా వచ్చిందా?" అని సోల్వైని అడిగాడు.

"రెండేళ్లయింది."

టోగెర్ సంతోషపడలేదు. రెండేళ్లు. ఆ రెండేళ్లలో భార్య చెయ్యి తగిలితే విదిలించుకున్నాడు. ఆ రెండేళ్లలోనే అక్సెల్ చావును ఎంచుకున్నాడు. వాడి కుర్చీలో ఇప్పుడొక నడివయసు స్త్రీ మోచేయి గోక్కుంటూ కాగితం మీద ఒకటి వేస్తోంది.

"అదేంటమ్మా, ఒకటేనా?" అన్నాడు టోగెర్.

"నాకంటే ఘోరంగా ఉన్నవాళ్లున్నారుగా."

"వాళ్ల లెక్క వాళ్లు రాసుకుంటారు. ఇక్కడ ఎవరూ చొక్కా ఎత్తి చూడరు, అంకె చూస్తారు. నీ బాధకు నువ్వే తక్కువ కడితే, ఎక్కువ కట్టేవాడు ఎవడూ రాడు."